చామంతి చీకటి

ఆశ్వయుజ బహుళ విదియ

కిటికీలకున్న మందపు తెరలన్నీ విప్పేసి, ఉతికి, దండెం మీద ఆరేశాను. ఆరు వారాలు వాటితో పని లేదు. ఏడాది పొడవునా కంటికి కునుకు పట్టాలంటే ఆ తెరలు దించుకోవాల్సిందే. ఆకాశంలో నిలిపిన పెద్ద అద్దాలు ఎక్కడి ఎండనో తెచ్చి, అర్ధరాత్రి కూడా మా నెత్తిన పోస్తుంటాయి మరి. ఇవాళ సాయంత్రం అవి మా కోన మీద నుంచి పక్కకు తిరిగాయి. ఎవరూ తోలకుండానే కోళ్ళు గంప కిందికి దూరాయి. నేను వాకిట్లో నిలబడి, తల పైకెత్తి, పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

ఇదంతా చామంతి పుణ్యం. రాత్రిళ్ళు కూడా వెలుగుంటే చామంతి ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుందే తప్ప మొగ్గ వేయదు. దానికి పొడుగాటి చీకటి కావాలి. అందుకని ఏటా అద్దాల ఆఫీసుకి అర్జీ పెట్టుకుని, కార్తీక అమావాస్య దాకా చీకటి తెచ్చుకుంటాం. మా తాతల కాలంలో రాత్రి ఊరికే వచ్చేదట, ఎవరినీ అడగకుండా. వింటుంటే కడుపు మండుతుంది.

గట్టు మీద దూరదర్శిని బిగిస్తుంటే బసమ్మ వదిన వచ్చింది. ఆ గట్టుకి ఇటు నా మడి, అటు ఆమె మడి.

"ఏమ్మే సుంకులా, ఆ గొట్టం మళ్ళా నా గట్టు మీదనే పెడ్తాండావా?"

"ఇంక యాడ పెట్టేది వదినా? కోన మొత్తంలో ఈడి నుంచే ఆకాశం నిండుగా కనపడేది."

"పెట్టుకో. నా మొక్కలు తొక్కినావంటే మాత్రం నిన్నే ఆ గొట్టంలో కుక్కుతా."

మాట అలా ఉంటుంది గానీ, నాలుగేళ్ళుగా నా పిచ్చిని భరిస్తున్నది ఆమే. ఈసారి ఆమెకి పంట తప్పకూడదు. పోయినేడు పురుగు పట్టి ఆమె మడి సగమే పూసింది. వరసగా రెండేళ్ళు నిండుగా పూయని మడిని టమాటా జట్టుకి అప్పగించాలని కోనలో కట్టుబాటు. టమాటాకి చీకటితో పని లేదు, అద్దాలున్నన్నాళ్ళూ అది కాస్తూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా పూలు తప్ప ఇంకొకటి పెంచని మనిషి వదిన. ఆ మడి పోతే ఆమె ఏమైపోతుందో నేను ఊహించలేను.

ఆశ్వయుజ బహుళ పంచమి

మొదలుపెట్టాను. మీనరాశిలో ఒక సర్పిలాకార గెలాక్సీ ఉంది. పుస్తకాల్లో ఎం డెబ్బైనాలుగు అంటారు, నేను సుడి అంటాను. మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరం. మనకి ఎదురుగా పళ్ళెంలా తిరిగి ఉంటుంది కాబట్టి, దాని రెండు చేతులూ నడుమ నుంచి బయల్దేరి చుట్టుకుంటూ పోవడం కనబడాలి. కనబడాలి అంటే, నాకింకా కనబడలేదు. అంత మసక అది. నాలుగేళ్ళుగా నా ఫోటోల్లో అది తడి వేలితో తుడిచిన మరకలాగే ఉంది. ఆ రెండు చేతులనీ విడివిడిగా చూడాలి. ఎందుకూ అని అడిగినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

గొట్టం పాత బోరు పైపు. లోపలి అద్దం, నీళ్ళ డ్రమ్ము మీద గాజు బిళ్ళ పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ నేనే అరగదీసింది. ఆకాశంతో పాటు గొట్టాన్ని మెల్లగా తిప్పే మోటారు డ్రిప్పు పంపుది. కెమెరా, మందు కొట్టే డ్రోను నుంచి పీకింది. ఒక్కో ఫోటో రెండు నిమిషాలు తీస్తాను. విడిగా చూస్తే అందులో ఏమీ ఉండదు. వందల ఫోటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపితే గానీ సుడి పైకి తేలదు.

ఈ ఏడాది గట్టు పొడవునా చిన్న ఎర్ర దీపాల వరస కట్టాను. పోయినేడు ఓబులేసన్న చీకట్లో నా వైరు తట్టుకుని పడి మూతి పగలగొట్టుకున్నాడు. ఆయన టమాటాల మనిషే గానీ చామంతి పిలకలు కూడా పెంచి అందరికీ అమ్ముతాడు, రాత్రిళ్ళు నీళ్ళ గేటు దగ్గరికి ఈ గట్టు మీదుగానే పోవాలి. చీకటి రోజుల్లో బయట దీపం పెట్టకూడదని కోనలో నియమం. ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్ళు కట్టుకుని, అవి పట్టుకుని నడుస్తాం. ఒకరినొకరు గుద్దుకోకుండా నడిచేవాళ్ళు తమ పేరు చెప్పుకుంటూ పోవాలి. వదిన తన పేరుతో పాటు ఆ పూట ఏం కూర వండిందో కూడా చెప్పుకుంటూ పోతుంది.

మరి నా దీపాలకి ఒప్పుకున్నారా అంటే, ఒప్పించాను. పూల కొట్టంలో అందరి ముందూ నిలబడి వాదించాను. చీకటికి అలవాటు పడ్డ కంటిని ఎర్ర వెలుగు చెడగొట్టదు, నక్షత్రాలు చూసేవాళ్ళందరూ ఎర్ర దీపమే వాడతారు. "కంటికే ఆనీ ఆనని వెలుగు, మొక్కకేం ఆనుతాది?" అన్నాను. నా నోటి ముందు ఎవరూ నిలవలేదు.

ఆశ్వయుజ అమావాస్య

మా కోనలో దీపావళి పగలే. మిట్టమధ్యాహ్నం ప్రమిదలు పెట్టి, ఎండలో కాకరపువ్వొత్తులు కాల్చాం. ఏ రంగూ కనబడలేదు, పొగ మాత్రం బాగా వచ్చింది. బయటి ఊళ్ళ చుట్టాలు చూసి నవ్వారు. నవ్వనీ, వాళ్ళ పిల్లల్లో ఒక్కరికైనా పాలపుంత ఎలా ఉంటుందో తెలుసా?

సాయంత్రం నుంచి ఆకాశం కడిగినట్టు ఉంది. ఈ పక్షంలో మూడు వందల పైచిలుకు ఫోటోలు కుదిరాయి. ఇంత మంచి పక్షం నాకు ఎన్నడూ దొరకలేదు. ఇక చంద్రుడు పెరుగుతాడు కాబట్టి గొట్టానికి గుడ్డ కప్పేశాను. దీపాల వరస మాత్రం ఉంచాను, నడిచేవాళ్ళకి పనికొస్తుందని.

కార్తీక శుద్ధ ఏకాదశి

కోనంతా మొగ్గ. శనగగింజంత మొగ్గలు, ఏ కొమ్మ వంచినా నాలుగైదు. నా మడి కూడా గట్టు పక్క కొద్దిగా వెనకబడింది గానీ, మొత్తమ్మీద బాగానే ఉంది. నా సాళ్ళకీ గట్టుకీ మధ్య వెడల్పాటి కాలువ ఉంది.

వదిన మడిలో సగం సాళ్ళు ఒట్టి ఆకు. గట్టు వారగా పొడవునా ఒక్క మొగ్గ లేదు. ఆకు మాత్రం నవనవలాడుతోంది. పురుగు లేదు, తెగులు లేదు. వదిన ఆ సాళ్ళ మధ్య కూర్చుని ఒక్కో కొమ్మా వంచి చూస్తోంది.

పొద్దు ఎక్కేలోపు పంచాయితీ ఓబులేసన్న మీదికి పోయింది.

"నీ పిలకలే కదన్నా నేను నాటింది! గొడ్డు పిలకలు అంటగట్టినావు."

"నోరు అదుపులో పెట్టుకో బసమ్మా. అదే పిలకలు కోనంతా ఇచ్చినా. నీకొక్కదానికే గొడ్డుపోయినాయా?"

"నా మడి పోతే మీ టమాటా జట్టుకే కదా వచ్చేది? నీకు బాగనే ఉంటాది."

ఆ మాటకి ఓబులేసన్న ముఖం నల్లబడింది. కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన అలాంటి మనిషి కాదని వదినకీ తెలుసు. భయంలో అనేసింది.

కార్తీక శుద్ధ ద్వాదశి

నా వల్లే.

పొద్దున్నే వదిన మడిలో అడ్డంగా నడిచాను. మొగ్గ లేని సాళ్ళ నడుమ, ఒక్క చోట మాత్రం ఏడెనిమిది మొక్కలు నిండా మొగ్గలతో నిలబడి ఉన్నాయి. అదే పిలక, అదే నీరు, అదే ఎరువు. ఇవెందుకు వేశాయి అని తల ఎత్తి చూశాను. ఎదురుగా గట్టు మీద నా దీపాల వరస. సరిగ్గా అక్కడ ఒక బల్బు మాడిపోయి ఉంది.

గట్టెక్కాను. మొగ్గ లేని మేరంతా కళ్ళతో కొలిచాను. దీపం ఎంతవరకు పడుతుందో అంతవరకే ఆకు, దాని అవతల మొగ్గ. నా మడిని ఆ కాలువ కాపాడింది. నా కంటికి ఆనీ ఆనని వెలుగు మొక్కకి బాగా ఆనింది. రాత్రంతా ఎర్ర దీపం ఎదుట నిలబెడితే, పాపం, అవి ఇంకా పొద్దు గూకలేదనుకున్నాయి.

అబద్ధం ఎందుకు, ఒక ఆలోచన వచ్చింది. వరస చుట్టేసి ఇంట్లో పడేస్తే ఎవరికీ తెలియదు. పిలకల మీద ఎలాగూ మాట పడింది. నేను చెప్పానంటే గట్టు మీద గొట్టాన్ని ఇక నిలబెట్టనివ్వరు, సుడి సంగతి ఈ జన్మకి ఇంతే. వరస పీకేశాను గానీ, ఇంటికి తీసుకుపోలేదు. భుజాన వేసుకుని తిన్నగా వదిన ఇంటికి నడిచాను.

వదిన మొత్తం విన్నది. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

"పొయ్యి రేపు కొట్టంలో చెప్పు. నా ఒక్కదానికి చెప్తే ఏం లాభం?" అంది. తలుపు వేసుకుంది.

కార్తీక శుద్ధ త్రయోదశి

పూల కొట్టంలో, ఎక్కడ నిలబడి వాదించానో అక్కడే నిలబడి చెప్పాను. ఆ వరస చూపించాను, మాడిన బల్బు చూపించాను. ఎవరూ అరవలేదు. అందరూ చెయ్యెత్తి ఒప్పుకున్న దీపాలవి కదా, అందరి తలలూ కొంచెం కొంచెం వంగాయి. కోపం వచ్చినవాళ్ళకి కూడా ఎవరి మీద చూపించుకోవాలో తెలియలేదు.

దారి ఒక్కటే ఉంది. ఆ సాళ్ళకి చీకటి నిన్నటి నుంచి మొదలైనట్టు లెక్క. అమావాస్యకి అద్దాలు తిరిగి వచ్చేస్తే మొగ్గ కట్టే వేళకి మళ్ళీ వెలుగు పడుతుంది. కప్పుదామంటే అంత నల్లగుడ్డ కోనలో లేదు. ఇంకో నెల చీకటి కావాలని ఆఫీసుని అడగాలి. దానికి కోనలో ప్రతి మడివాళ్ళూ ఒప్పుకోవాలి, టమాటావాళ్ళతో సహా. నెల రోజులు రాత్రి వెలుగు లేకపోతే వాళ్ళ కాపు తగ్గుతుంది.

అందరం ఓబులేసన్న వంక చూశాం.

"బసమ్మ నన్ను మొన్న ఏమనిందో అందరూ విన్నారు," అన్నాడు.

వదిన లేచి నిలబడింది. "తప్పు మాట అన్నానన్నా. నోరు జారింది. మడి పోతాదేమోనని మతి పోయింది నాకు."

"సరే. నువ్వు అనింది నేను మర్చిపోతా. కానీ నా పిలకల మాట సంగతేంది? ఈ సుంకులమ్మ మైకు పట్టుకోని, ఓబులేసు పిలకలు మంచివని, తప్పు తన దీపాలదని కోనంతా వినపడేటట్లు చెప్పాల. మూడు పూటలు చెప్పాల."

"ఆరు పూటలు చెప్తానన్నా," అన్నాను.

"మూడు చాలు. నీ గొంతు అంతకంటే ఎక్కువ వినలేం," అన్నాడు ఓబులేసన్న. చెయ్యెత్తాడు. కొట్టంలో చేతులన్నీ లేచాయి.

నా గొట్టం గురించి ఎవరూ ఏమీ అనకముందే వదిన తీర్పు చెప్పేసింది. కెమెరా ఆమె ఇంట్లో, బియ్యం డబ్బాలో ఉంటుంది. ఆ సాళ్ళు మొగ్గ వేసిందాకా నేను ఆమె మడిలో పని చెయ్యాలి.

కార్తీక బహుళ షష్ఠి

ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. మార్గశిర అమావాస్య దాకా చీకటి మాదే.

మైకులో మూడు పూటలూ చెప్పాను. మూడోసారి చెబుతుంటే ఓబులేసన్న పక్కన నిలబడి, "పిలకలు మంచివి అనేది ఇంకొంచెం గట్టిగా," అని అందించాడు.

పొద్దున కలుపు, సాయంత్రం మొక్కల మొదళ్ళకి మట్టి ఎగదోయడం. నడుము విరిగిపోతోంది. చీకటి పడ్డాక నేనూ వదినా గట్టు మీద కూర్చుని, అటుగా ఎవరూ దీపంతో రాకుండా కాపలా కాస్తున్నాం. మొదటి రెండు రోజులూ ఆమె నాతో మాట్లాడలేదు. మూడో రోజు మరమరాల గిన్నె నా వైపు జరిపింది. ఇవాళ తనే అడిగింది, ఆ సుడి ఎక్కడుందో. మీనరాశి వైపు చెయ్యి చూపించాను.

"ఏం లేదే అక్కడ."

"ఉంది వదినా. కంటికి కనపడదు అంతే."

"కంటికి కనపడనివాటి గురించి నువ్వు చెప్తే నమ్మేదెట్లా ఇంక?" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచి వచ్చింది.

మార్గశిర శుద్ధ సప్తమి

వేశాయి! తెల్లారి మంచు ఆరకముందే వదిన కేక విని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. గట్టు వారగా మొదటి సాలు నుంచి చివరి సాలు దాకా, ఆవగింజంత మొగ్గలు. వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆ వెంటనే మొక్కల మీద నిలబడ్డానని తిట్టింది. దారిన పోతున్న ఓబులేసన్న ఆగి, ఒక కొమ్మ వంచి చూసి, "పిలకలు మంచివి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను ఆ పూటంతా ఏ పనీ చెయ్యలేదు. ఊరికే ఆ సాళ్ళ మధ్య తిరిగాను. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో.

మార్గశిర బహుళ పంచమి

చంద్రుడు ఇప్పుడు ఆలస్యంగా వస్తున్నాడు. నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. వదినే కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సందుల్లో బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

"దీపం పెట్టినావో..."

"పెట్టను."

"వైరు తగిలి ఎవరన్నా పడితే?"

"వైరు మట్టిలో పాతేసినా వదినా. ఆ పని మొదట్లోనే చేసింటే సరిపోయేది."

"ఆ తెలివి అప్పుడు యాడికి పోయిందో," అంది వదిన.

దీపం లేకుండా గొట్టం తిప్పడం ఎలాగా అని భయపడ్డాను గానీ, చేతికి అన్నీ తెలుసు. ఏ మర ఎటు తిప్పాలో, కెమెరా ఎక్కడ కూర్చుంటుందో వేళ్ళతో తడిమి పెట్టేశాను. ఈ నెలలో సుడి భోజనాల వేళకే నడినెత్తికి వస్తుంది. అన్నం తిని వచ్చి, వదిన పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మోటారు గుర్రుమంటోంది. పక్కన మొగ్గలు చీకటి తాగుతున్నాయి. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

మార్గశిర అమావాస్య

రేపు అద్దాలు వస్తాయి. తెరలు మళ్ళీ కట్టేశాను. పొద్దున కట్టుబాటు పెద్దలు వచ్చి వదిన మడి చూసి వెళ్ళారు. గట్టుకి దూరంగా ఉన్న సాళ్ళు ఇప్పటికే రెండు కోతలు కోశారు, గట్టు వారవి పసుపు రంగు తిరిగాయి. మడి వదినదే. టమాటా ఊసే ఎత్తలేదు ఎవరూ.

సాయంత్రం మా ఇంట్లో ఫోటోలన్నీ పేర్చి కలిపాను. వదిన పక్కనే కూర్చుంది. పొగమంచు వల్ల ఈ పక్షంలో అనుకున్నన్ని కుదరలేదు. తెర మీద సుడి నడిబొడ్డు తెల్లగా తేలింది. దాని నుంచి ఒక చెయ్యి బయల్దేరి చక్కగా చుట్టుకుంటూ వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. రెండో చెయ్యి ఉండాల్సిన చోట ఒట్టి మసక.

"ఇంగో చెయ్యి యాడ?" అంది వదిన.

"ఉంది, రాలేదు. ఇంకొన్ని ఫోటోలు కలిపితే వస్తాది."

"కలుపు మరి."

"నా దగ్గర ఉండేవి ఆశ్వయుజంలో తీసినవి వదినా. ఎర్ర దీపాల నాటివి. వాటిని కలపకూడదనుకున్నా. వాటిని చూస్తే నాకు సిగ్గేస్తాది. తుడిపేద్దామనుకుంటాండా."

వదిన గిర్రున నా వైపు తిరిగింది. ఆ మడి పోతుందన్న రోజు కూడా ఆమెకి ఇంత కోపం రాలేదు.

"తుడిపేసేకి నువ్వెవరు? ఆ రాత్రులకి ఖర్చు పెట్టింది నేను. నా మొక్కలు రెప్ప వెయ్యకుండా నిలబడినాయి ఆ పొద్దు. నువ్వు ఊరికే గొట్టం పక్కన కూర్చున్నావు అంతే. కలుపు!"

నోరు మూసుకుని కలిపాను. మూడు వందల పైచిలుకు ఫోటోలు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే, మసకలో ముందు ఒక గీత లేచింది, తర్వాత అది వంగింది, నడుమ నుంచి విడిపడి, మొదటి చేతికి ఎదురుగా చుట్టుకుంటూ అంచు దాకా పోయింది. రెండు చేతులూ విడివిడిగా. నాలుగేళ్ళుగా నేను కోరుకున్నది అదే. కళ్ళు తుడుచుకుని చూశాను, అలాగే ఉంది.

వదిన ముందుకు వంగి, మట్టి చారలు పోని వేలితో ఆ రెండో చేతిని మొదటి నుంచి చివరి దాకా తడిమింది.

"ఈ చెయ్యి నాది," అంది.

అవును వదినా అన్నాను.